రొట్టె వంతు

సుగుణ టెక్కలిలో మా ఇంటికి వచ్చిన రోజున నేను తలుపు తీశాను గాని, గుమ్మంలోంచి పక్కకు జరగలేదు. వాళ్ళమ్మ మా అమ్మను అలాగే గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడేది. ఆ సంగతి సుగుణకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకు గుర్తుంది. సుగుణ సగమైపోయింది. మొహం మట్టిరంగుకు తిరిగింది, కళ్ళ కింద ఉబ్బు, ఎడమ చెయ్యి పైటకొంగు కింద దాచుకుంది. మా ఉద్దానంలో ఎవరైనా చెయ్యి అలా దాచుకుంటే ఏమైందని ఎవరూ అడగరు. మోచేతి కింద నరం ఉబ్బి తాడులా మెలికలు తిరిగి ఉంటుంది. డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. పలాస నుంచి బస్సులో నిలబడి వచ్చిందట, ఎవరూ సీటు ఇవ్వలేదట. "కూకోమనవేటి లీలప్పా?" అంది. మా వైపు అక్కను అప్ప అంటారు. అప్పుడు జరిగాను.

మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. గ్లాసు అందుకుని, అందులోకి చూసి, పెదవులు తడుపుకుని కింద పెట్టేసింది. "ఈరోజుకి నా నీళ్ళు అయిపోనాయప్పా," అంది. ఈ రోగం ఉన్నవాళ్ళకు డాక్టరు నీళ్ళు కొలిచి చెబుతాడు, అంతకు మించి తాగితే ఒళ్ళు ఉబ్బి ఊపిరాడదు. నిండుగా మిగిలిపోయిన ఆ గ్లాసును చూసినప్పుడు నాకు ముందు కలిగింది జాలి అని చెప్పలేను. వాళ్ళింటికి నేను మోసిన బిందెలు గుర్తొచ్చాయి. ఎండలో, కాళ్ళకు చెప్పుల్లేకుండా, జీడితోట ఇసుకలో మోసిన బిందెలు. ఆ ఇంటి పిల్ల ఇప్పుడు నా ఇంట్లో కూర్చుని గుక్కెడు నీళ్ళకు లెక్క చూసుకుంటోంది.

వచ్చిన పని వెంటనే చెప్పింది. "వచ్చే నెల రొట్టె వంతు నాది. నువ్వు రావాల." నేను ఎందుకని అడగలేదు. వంతు నీదైతే నేను రావడమేమిటని కూడా అడగలేదు. రొట్టె అన్న మాట ఆ ఇంటి మనిషి నోట వినగానే నా చెవులు వేడెక్కాయి. ఎందుకు వేడెక్కాయో తెలియాలంటే మా పేట సంగతి, మా అమ్మ చేతుల సంగతి చెప్పాలి.

కాశీబుగ్గ దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, జీడితోటలు అయిపోయి కొబ్బరితోటలు మొదలయ్యే చోట మా పేట. ఒకటే వీధి. వీధి చివర పెంకులు కప్పిన చర్చి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ రైతుల ఊళ్ళు, దేవుళ్ళు వేరు, బావులు వేరు. మేము మాత్రం ఒకే గంట చప్పుడుకు లేచే మనుషులం. నాన్న పలాస స్టేషన్లో గూడ్సు బస్తాలు మోసేవాడు. అమ్మ పేరు రత్నమ్మ. ఆవిడ కాశీబుగ్గ జీడి బట్టీలో పిక్కలు కొట్టేది. వేయించిన పిక్కను రాతి మీద పెట్టి చిన్న కర్రసుత్తితో కొడితే తొక్క పగిలి లోపలి పప్పు బయటపడుతుంది. పప్పుతో పాటు తొక్కలోని నూనె కూడా చిమ్ముతుంది. ఆ నూనె తగిలిన చోట చర్మం కాలి, నల్లబడి, పొరలు పొరలుగా ఊడుతుంది. అమ్మలాంటి వాళ్ళందరూ పక్కనే బూడిద పెట్టుకుని వేళ్ళు అద్దుకుంటూ కొట్టేవారు. అయినా మణికట్టు దాకా చేతులు తారు పూసినట్టు ఉండేవి. సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చిందని మాకు అడుగుల చప్పుడు వల్ల తెలిసేది కాదు, వాసన వల్ల తెలిసేది. కొంచెం తీపిగా, కొంచెం ఘాటుగా, గొంతులో గీరే జీడిపొగ వాసన. ఇప్పటికీ కాశీబుగ్గలో బస్సు దిగితే ఆ వాసన వస్తుంది. నేను ముక్కు మూసుకోను.

అమ్మ ఇంటికి రాగానే చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం, రెండోది అందరికీ బియ్యం కొలిచి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న ముంతలో వెయ్యడం. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ ముంత చర్చికి వెళ్ళేది. మాకు కడుపు నిండని రోజున కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు. తగ్గించమని నేను అడిగాను, తమ్ముడు అడిగాడు. అమ్మ వినిపించుకునేది కాదు. ముంత మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టేది, ఎలుకలకూ మాకూ భయపడి.

ఇక రొట్టె. నెలకో ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల పెట్టేవారు, క్రీస్తు శరీరానికి గుర్తుగా ఒకే రొట్టె విరిచి తలో ముక్క తీసుకునేవారు. ఆ బల్ల మీదకు రొట్టె దుకాణం నుంచి రాదు. పేటలో ఇంటికో నెల వంతు. ఉప్పు వెయ్యని, పులియబెట్టని గోధుమపిండి కలిపి, పెనం మీద సన్నటి సెగన మందంగా ఒకటే రొట్టె కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి మొదటి గంట కొట్టకముందే తీసుకెళ్ళి పెట్టాలి. వంతు వచ్చిన ఇంట్లో ఆ వారమంతా గట్టిగా మాట్లాడకూడదు. ఎవరితోనైనా తగవు ఉంటే పిండి ముట్టుకోకముందే వెళ్ళి తీర్చుకుని రావాలి. అందువల్ల మా పేటలో ఏళ్ళ తరబడి సాగిన తగవులు లేవు, వంతుకూ వంతుకూ మధ్య సాగేవి. నావి తప్ప.

మా వంతు వచ్చిన శనివారం అమ్మ పనిలోంచి త్వరగా వచ్చి పెరట్లో కూర్చుని చేతులు తోముకునేది. ముందు చింతపండు, తర్వాత కొబ్బరి పీచుతో బూడిద, చివరికి కిరసనాయిలు. నేను చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. పీచుతో గట్టిగా రుద్దితే నలుపు పోయేది కాదు, చర్మం పోయేది. పచ్చిగా ఎర్రగా కనిపించేది. ఆ వేళ్ళ మీదే కిరసనాయిలు పోసుకుని పళ్ళు బిగించేది. ఆ వాసన పోవడానికి మళ్ళీ వేడినీళ్ళు, సబ్బు. అప్పుడు పిండి. పిండి కలుపుతున్నంతసేపూ ఆవిడ పెదవులు కదులుతుండేవి, పాటో ప్రార్థనో తెలిసేది కాదు. ఆ పిండిలో ఒక్క నల్ల మచ్చ ఉండేది కాదు. దానికి నేను సాక్షిని.

ఒక ఏడు బల్ల సర్దే పని కొత్తగా ఎస్తేరమ్మకు వచ్చింది. సుగుణ తల్లి. ఆవిడ భర్త దానియేలు మా అమ్మ పనిచేసే బట్టీలోనే మేస్త్రి, పేటలో సంఘపెద్ద. ఆ ఏడు మా వంతు ఆదివారం నేను ముందు చాప మీద కూర్చుని ఉన్నాను కాబట్టి అంతా చూశాను. ఎస్తేరమ్మ తెల్లగుడ్డ విప్పింది. రొట్టెను చూసింది. తల తిప్పి, ఆడవాళ్ళ చాపలో కూర్చున్న మా అమ్మ చేతుల వైపు చూసింది. తర్వాత పక్కనున్నావిడతో గొంతు తగ్గించి, కాని అందరికీ వినబడేలా అంది. "ఆ సేతుల్తో పిసికిందాన్ని నోట్లో ఎట్టుకోడం ఎలాగమ్మా?"

ఎవరూ ఏమీ అనలేదు. అదే నేను ముఖ్యంగా గుర్తుపెట్టుకున్నది. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది చేతులు అమ్మ చేతుల్లాంటివే. వాళ్ళు తమ చేతులు కొంగుల్లో దాచుకున్నారు. దానియేలు మేస్త్రి ఒక కుర్రాణ్ణి సైకిలు మీద కాశీబుగ్గ బేకరీకి పంపాడు. వాడు తిరిగి వచ్చేదాకా ఆరాధన నడిపించాలి కదా, పాస్టరుగారు ప్రసంగం పొడిగించారు. ఆ రోజు ప్రసంగం దేవుని ప్రేమ గురించి. రొట్టె వచ్చేదాకా ఆయన ప్రేమ గురించి చెబుతూనే ఉన్నారు. మధ్యమధ్య కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. సైకిలు బెల్లు వినబడగానే ముగించారు. అమ్మ ఆ బేకరీ రొట్టె ముక్క తీసుకుంది, తిన్నది, తల వంచుకుని ప్రార్థన చేసుకుంది. నాకు ఆ వయసులో రొట్టె తీసుకునే హక్కు లేదు గాని, ఉండి ఉంటే ఉమ్మేసేదాన్ని.

మా రొట్టె గుడ్డలో చుట్టుకుని ఇంటికి తిరిగి వచ్చింది. మధ్యాహ్నం అమ్మ దాన్ని ముక్కలు చేసి ఎండుచేపల పులుసుతో మాకు పెట్టింది. దేవుడి బల్లకని కాల్చిన రొట్టెను ఎండుచేపలతో తింటే ఏమవుతుందోనని తమ్ముడు ఏడ్చాడు. "బల్ల మీదకి ఎక్కనేదు గదేటి, ఇంక ఇది మామూలు రొట్టె. తిను," అంది అమ్మ. నేను తినలేదు. గుడ్డ విప్పినప్పుడు ఒక సంగతి చూశాను. రొట్టెకు ఒక పక్క అంచు విరిగి ఉంది. నేను వెంటనే అర్థం చేసుకున్నాను. ఎస్తేరమ్మ అంచు విరిచి, లోపల నలుపు ఉందేమోనని చూసింది. వద్దనడం ఒకటి, విరిచి పరీక్ష చెయ్యడం ఇంకొకటి. ఆ రెండోదాన్ని నేను మొదటిదాని కన్నా ఎక్కువగా మోశాను. ఇన్నేళ్ళుగా ఎవరికి ఆ కథ చెప్పినా, విరిగిన అంచు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారిపోతుంది.

దాని తర్వాత కొంతకాలానికి దానియేలు మేస్త్రికి కాళ్ళు వాచాయి. అప్పటికి ఆ రోగానికి మాకు పేరు తెలియదు, కాళ్ళవాపు అనేవాళ్ళం. మొహం ఉబ్బింది, మంచం పట్టాడు. విశాఖపట్నం తీసుకెళితే, వాడే నీళ్ళు మార్చి చూడమని డాక్టరు అన్నాడట. అంతే, ఆ ఇంటి నీళ్ళలోనే ఏదో ఉందని, అంటుకునే రోగమేమోనని పేట అంతా ఆ ఇంటి వైపు వెళ్ళడం మానేసింది. సంఘపెద్ద ఇంటికి సంఘమే వెళ్ళలేదు. నీళ్ళు మార్చాలంటే జీడితోట అవతలి బావి ఉంది, నీళ్ళు తియ్యగా ఉంటాయి గాని దూరం. ఎస్తేరమ్మ మొగుణ్ణి వదిలి కదలలేదు, సుగుణ చిన్నపిల్ల. ఒక ఉదయం అమ్మ నన్ను లేపి రెండో బిందె నా చంకకు ఎత్తింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. నింపుకుని వస్తూ మా ఇల్లు దాటి ముందుకు నడుస్తుంటే నాకు అర్థమైంది. నడివీధిలో బిందె దించేశాను. మోయనన్నాను. అమ్మ తన బిందె దించలేదు, నన్ను తిట్టలేదు. వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, తన బిందె ఒంపి, తిరిగి వచ్చి నా బిందె ఎత్తుకుని మళ్ళీ వెళ్ళింది. పిక్కలు కొట్టడానికి వెళ్ళే వేళ మించిపోతోంది, ఆవిడ పరుగులాంటి నడక చూడలేక మర్నాటి నుంచి నా బిందె నేనే మోశాను. ఏడుస్తూ మోశాను.

రోజూ అదే తంతు. ఎస్తేరమ్మ లోపలి నుంచి చిన్న గాబు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేది. మేము బయట నిలబడి అందులో పోసేవాళ్ళం. లోపలికి రమ్మనేది కాదు. నీళ్ళలో అమ్మ చేతులు పడకుండా చూసేది, నేను ఆవిడ చూపు చూశాను. మంచి మాట ఒక్కటి అనలేదు. దానియేలు మేస్త్రి పోయేదాకా మోశాం. ఆయన పోయాక శవానికి స్నానం చేయించడానికి నీళ్ళు కూడా మా బిందెలతోనే వెళ్ళాయి.

ఒకసారి తోటలో బిందెలు దించి ఆయాసం తీర్చుకుంటున్నప్పుడు అమ్మను నిలదీశాను. నీకు సిగ్గు లేదా, ఆవిడ అన్నది మర్చిపోయావా అన్నాను. అమ్మ తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. నేను ఆ రోజు విన్నది ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను, కాని ఒక్క మాటా తప్పకుండా గుర్తుంది.

"మర్సిపోనేదే. ఎలా మర్సిపోతాను? పడుకున్నా గుర్తే, పిండి ముట్టుకున్నా గుర్తే. మర్సిపోతే ఇంక పేమతో పనేటుంది, ఊరికే ఎల్లి పోసీసి వత్తును. గుర్తుంది గాబట్టే దేవుడి కాడ రోజూ అడుక్కుని ఎల్తన్నాను." కొంచెం ఆగి అంది. "దానికీ పెళ్ళికి ముందు ఈ సేతులే. పక్కపక్కన కూకుని కొట్టినాం. తెల్లబడ్డానికి ఎన్నాళ్ళు రుద్దుకుందో నాకు తెల్సు. నా సేతులు సూసి అది అసయ్యపడనేదే, బయపడింది."

భయమైతే మాత్రం ఆ మాట అనవచ్చా అని నేను అడిగాను. అనకూడదని అమ్మ ఒప్పుకుంది. బిందె ఎత్తుకుని నడిచింది.

అమ్మ పోయి చాలాకాలమైంది. ఎస్తేరమ్మ అంతకు ముందే పోయింది, ఒక్క మాట కూడా అనకుండానే. చర్చికి కొత్త కట్టడం వచ్చినప్పుడు గోడ మీద పెద్దల పేర్లు చెక్కించారు. దానియేలు మేస్త్రి పేరు ఉంది. పిడికెడు బియ్యం ఎన్నడూ తప్పించని రత్నమ్మ పేరు లేదు. అది కూడా చూసి వచ్చాను. నేను బడి పంతులమ్మనై టెక్కలిలో స్థిరపడ్డాక ఇక్కడి చర్చిలోనే బల్లలో పాలుపుచ్చుకుంటున్నాను. మా పేటకు పెళ్ళికో చావుకో వెళ్ళినప్పుడు ప్రభు బల్ల ఆదివారం తగిలితే, పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు పక్కవాళ్ళకు అందించేస్తాను. తగవు ఉన్నవాళ్ళు ముట్టకూడదు కదా. నాకు తగవు ఉంది. చచ్చిపోయిన మనిషితో తగవు తీర్చుకోవడానికి ఎవరింటికి వెళ్ళాలి?

ఇదంతా మనసులో పెట్టుకుని సుగుణ ఎదుట కూర్చున్నాను. ఆవిడ మెల్లగా అసలు సంగతి చెప్పింది. ఇప్పుడు బల్ల సర్దేది ఇప్పటి సంఘపెద్ద కోడలు జ్యోతి. చదువుకున్న పిల్ల, మర్యాదగానే మాట్లాడిందట. ఆంటీ, మీకు ఒంట్లో బాగోలేదు, ఈసారి మీ వంతు మేమే చూసుకుంటాం, బేకరీలో చెప్పేశాం అందట. సుగుణ తాను చేస్తానంది. అప్పుడు జ్యోతి చేతి వైపు చూసి, సూదులు, కట్లు, రక్తం, పిల్లలున్న సంఘం కదా ఆంటీ అందట. వంతు మళ్ళీ తిరిగి రావడానికి పేటంతా తిరగాలి. తిరిగి వచ్చేదాకా తాను ఉంటానో లేదో సుగుణకు తెలియదు. ఆ మాట ఆవిడే అంది, ఏడవకుండా అంది. ఈ రొట్టె తన చేత్తో చేసి బల్ల మీద చూడాలి. ఒక చేత్తో పిండి కలపవచ్చు గాని పళ్ళెం ఆగదు. పళ్ళెం పట్టుకోవడానికీ, తనతో పాటు లోపలికి నడవడానికీ ఒక మనిషి కావాలి.

నేను అనవలసిన మాట అన్నాను. అనకుండా మింగడం మా అమ్మకు చేతనైంది, నాకు కాదు. "మా అమ్మ రొట్టె మీ అమ్మ బల్ల మీదకు రానివ్వలేదు. ఇప్పుడు నీ రొట్టె ఎవరో రానివ్వకపోతే నా దగ్గరికి వచ్చావా? పేటలో ఇంకెవరూ దొరకలేదా?"

"నేరప్పా," అంది. లేరని. "ఎవుర్నడిగినా పోనిద్దూ అంటన్నారు. పోనివ్వనిది నువ్వొక్కర్తివే."

నేను ఊరుకోలేదు. విరిగిన అంచు కూడా తీశాను. వద్దంటే వద్దన్నారు, విరిచి పరీక్ష చెయ్యడం దేనికి అని అడిగాను. సుగుణ నా వైపు వింతగా చూసింది.

"విరిసిందా? మా యమ్మ విరవనేదప్పా. ఆ రొట్టి మీకు తిరిగి ఇచ్చీమని గుడ్డలో సుట్టి నాకే ఇచ్చింది. బయట సింతసెట్టు కాడ మీ యమ్మకి ఇచ్చినాను. నాకు బయమేసి ఏడుపొచ్చీసింది. మీ యమ్మ గుడ్డిప్పి, అంచు తుంచి నా సేతిలో ఎట్టింది. ఆకలేత్తందేటి తల్లీ, తిను అంది. ఉప్పు నేదు. ఆ రుసి నాకిప్పుడూ తెల్సు."

వీధిలో ఆటోలు పోతున్నాయి. నేను మోస్తున్న వాటిలో అన్నిటి కన్నా బరువైనది ఆ విరిగిన అంచు. దాన్ని పట్టుకుని ఇంత దూరం వచ్చాను. దాన్ని విరిచింది ఎస్తేరమ్మ కాదు, మా అమ్మ వేళ్ళు. మాకు పెట్టకముందే, మాకు చెప్పకుండా, తనను అవమానించిన ఇంటి పిల్లకు మొదటి ముక్క పెట్టింది. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు. ఎస్తేరమ్మ లెక్కలోంచి ఆ ఒక్కటి కొట్టేశాను. మిగతావి కొట్టెయ్యలేదు, ఆవిడ అన్న మాట అన్నదే. "వస్తాను," అన్నాను. "కాని నీ కోసం వస్తున్నాను, మీ అమ్మ కోసం కాదు." సుగుణ నవ్వింది. "మా యమ్మ కోసం నన్ను రమ్మన్నా నాను రాను," అంది.

శనివారం పేటకు వెళ్ళాను. తోట అవతలి బావి పూడిపోయింది, వీధిలోకి ఎక్కడి నుంచో పైపుల్లో నీళ్ళు వస్తున్నాయి. బట్టీల్లో ఇప్పుడు యంత్రాలు కొడుతున్నాయి, ఆడవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుని పొట్టు తీస్తున్నారు. చేతులు తెల్లబడ్డాయి. కాని ప్రతి రెండో ఇంట్లోంచి ఒక మనిషి పొద్దున్నే ఆటో ఎక్కి పలాస ఆసుపత్రికి వెళ్ళి వస్తున్నాడు. అప్పుడు ఒక ఇంటికి వచ్చిన కాళ్ళవాపుకు భయపడి దూరం జరిగిన పేటలో ఇప్పుడు దూరం జరగడానికి చోటు లేదు. అయినా మనుషులు జరుగుతూనే ఉన్నారు. సుగుణ ఉంటున్నది వాళ్ళమ్మ ఇంట్లోనే. ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళడం నాకు అదే మొదటిసారి. గాబు ఇంకా ఉంది, అందులో ఉల్లిపాయలు పోసి ఉన్నాయి.

సుగుణ కుడిచేత్తో పిండి కలిపింది, నేను రెండు చేతులతో పళ్ళెం పట్టుకున్నాను. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. దగ్గరగా చూస్తే ఆ ఉబ్బిన నరంలో రక్తం తిరిగే అదురు కనిపిస్తుంది. పిండి గట్టిపడ్డ దగ్గర ఆవిడకు బలం చాలలేదు, ఆగి ఊపిరి తీసుకుంది. నేను కలుపుతాననలేదు. వంతు ఆవిడది. నేను పళ్ళెం కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. నా పెదవులు కదులుతున్నాయని కాసేపటికి గమనించుకున్నాను.

ఆదివారం మేము వెళ్ళేసరికి బల్ల మీద జాలీ మూత కింద బేకరీ రొట్టె సిద్ధంగా ఉంది. పక్కనే చేతులు శుభ్రం చేసుకునే సీసా. జ్యోతి ఎదురు వచ్చి చాలా మర్యాదగా, ఆంటీ ఎందుకు శ్రమ పడ్డారు, ఇది ఇంటికి తీసుకెళ్ళండి అంది. సుగుణ తెల్లగుడ్డను గుండెకు ఆనించుకుంది. ఆడవాళ్ళు ఇటు చూసి, తల దించుకున్నారు. అదే దించుకోవడం. నాకు కొత్త కాదు. కుర్ర పాస్టరుగారు మా ఇద్దరినీ, జ్యోతి మామగారినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నోరు విప్పితే ఎవరికి కోపం వస్తుందోనని ఆయన బాధ.

నేను గొంతు పెంచలేదు. బడిలో నేర్చుకున్న గొంతు ఒకటి ఉంది, చివరి వరస దాకా వెళుతుంది. "పాస్టరుగారూ, నేను రత్నమ్మ కూతుర్ని. ఈ బల్ల మీదకు రానివ్వని రొట్టెను ఒకసారి ఇంటికి మోసుకెళ్ళాం. అప్పుడు ఎవరెవరు తల దించుకున్నారో నాకు తెలుసు, వాళ్ళలో కొందరు ఇక్కడే ఉన్నారు. ఈ రోజు దించుకున్నవాళ్ళను కూడా చూశాను. ఈ నెల వంతు సుగుణది. రొట్టె తెచ్చింది. మీరు ఏ రొట్టె విరిస్తే ఆ సంగతి నేను చనిపోయేదాకా చెప్పుకుంటాను."

అది ప్రేమతో అన్న మాట అని నేను చెప్పుకోను. బెదిరింపే. కాని ఆ పూట నా దగ్గర ఉన్నది అదే, నేను తెచ్చిన కానుక అదే. సుగుణ నా మోచెయ్యి పట్టుకుని ఉంది, ఆ పట్టు బిగుస్తోంది. వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. అమ్మతో పాటు పిక్కలు కొట్టిన రాహేలు. కర్ర ఊతంతో నడిచి వచ్చి, బల్ల మీది జాలీ మూత తీసి, బేకరీ రొట్టెను పక్క కుర్చీలో పెట్టింది. "వచ్చీ నెల వంతు నాది గదా, నా సేతులు ఇప్పుడే సూసుకోండి," అని చేతులు చాపి అందరికీ తిప్పి చూపించింది. గోళ్ళ చుట్టూ ఆ నలుపు ఇంకా ఉంది. ఎవరో నవ్వారు. పాస్టరుగారు సుగుణ దగ్గరికి వచ్చి రెండు చేతులతో తెల్లగుడ్డ అందుకున్నాడు.

పళ్ళెం వరసల్లోకి వెళ్ళినప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు. ఎవరు తీసుకున్నారో, ఎవరు పక్కకు అందించేశారో చూశాను. అందించేసినవాళ్ళు ఉన్నారు, పేర్లు ఇక్కడ రాయను. జ్యోతి తీసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, చేదుమందు మింగినట్టు మింగింది. మింగింది, నాకు అది చాలు. తర్వాత పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. తగవు ఉన్నవాళ్ళు ముట్టకూడదు. ఎస్తేరమ్మతో నా తగవు ఉంది, అది పోయిందని అబద్ధం చెప్పలేను. కాని ఆవిడ కూతురు చెమటలు కక్కుతూ కలిపిన పిండి ఎదురుగా ఉంది. అమ్మ కూడా ఏదీ మర్చిపోకుండానే బిందె ఎత్తింది కదా అనుకున్నాను. ముక్క తీసుకున్నాను. ఉప్పు లేదు.

సాయంత్రం సుగుణ నన్ను రోడ్డు దాకా సాగనంపింది. నెమ్మదిగా నడిచాం. మర్నాడు ఆవిడకు పలాసలో డయాలసిస్. టెక్కలి ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాక ఆవిడ పక్కనున్న ఇనుపరాడ్డు పట్టుకుని వంగింది.

"మళ్ళీ నా వంతుకి వత్తావా?"

"నువ్వుంటే వస్తాను," అన్నాను. ఆ మాట అలా వచ్చేసింది. నా నోరు అలాంటిది.

ఆవిడ నొచ్చుకోలేదు. "ఉంటాను. అయినా నాకు మర్సిపోడం అలవాటయిపోయింది, మందులకి. ఇన్ని గుర్తెట్టుకున్నావు గదా అప్పా, ఇదీ నువ్వే గుర్తెట్టుకో."

ఆటో కదిలింది. పలాస వచ్చేదాకా వంతుల వరస మనసులో అనుకుంటూనే ఉన్నాను. ముందు రాహేలు, ఆవిడ తర్వాత జ్యోతి వాళ్ళు, అక్కడి నుంచి చర్చి వైపు ఇళ్ళు, మలుపులో పాత మా ఇల్లు, దాని తర్వాత సుగుణ. ఈ వరసలో ఒక్క ఇల్లు కూడా నేను మర్చిపోను.